కుడి చేతి పది సెకన్లు

నేను యానిమల్ హౌస్‌లో పనికి చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. కోయంబత్తూరులో మా కాలనీ నుంచి రెండు బస్సులు మారి, తుడియలూరు దాటి, పంపుసెట్ల వర్క్‌షాపుల వరస అయిపోయాక దిగాలి. అక్కడొక ఫార్మసీ కాలేజీ. వెనక భవనంలో పై అంతస్తు అంతా తెల్ల ఎలుకలు. మొదటి రోజు ఆ వాసనకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నెల తిరిగేసరికి నాకు వాసన తెలియడం మానేసింది. ఇంటికి వెళ్తే మా అమ్మకు మాత్రం తెలిసేది.

మా నాన్న కార్పొరేషన్ కాలవల్లో పనిచేసి మోకాళ్ళు పోగొట్టుకున్నాడు. అమ్మ ఒక ఆసుపత్రిలో వరండాలు తుడిచేది. "మా పాప ల్యాబ్‌లో ఉండాది" అని ఆమె వీధంతా చెప్పుకుంది. నేను చేసేది పంజరాల్లో తడిసిన ఊక తీసి పొడి ఊక పరచడం, నీళ్ళ సీసాలు కడగడం, మేత వెయ్యడం. కాని తెల్లకోటు వేసుకుని చేసేదాన్ని. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ కోటు వేసుకుని పనిచెయ్యలేదు.

ఇంట్లో మాది తెలుగే అయినా బడి అంతా తమిళంలో సాగింది. తెలుగు అక్షరాలు మా అవ్వ తన పాత బైబిలు మీద వేలు పెట్టించి నేర్పింది. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

అక్కడి పరిశోధనలకు పెద్ద మా సార్. అప్పటికి యాభై దాటిన మనిషి. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, చకచకా నడిచేవారు. ఒకరోజు నేను మెట్ల దగ్గర అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనుంచి వెళ్తూ ఆగారు.

"తెలుగోళ్ళా మీరు?"

"అవునుంగ సార్. ఇంట్లో తెలుగే." మాట చివర ఆ 'ంగ' మా వైపు మర్యాద, 'అండీ' లాగా.

"ఏ పక్క?"

మా కాలనీ పేరు చెప్పాను. మా ఊళ్ళో ఆ పేరు చెబితే మా తాతలు ఏం పని చేశారో కూడా చెప్పినట్టే. సార్ కళ్ళు ఒక్క క్షణం నిలిచాయి. తర్వాత, "మాది కినత్తుకడవు. తోట ఉండాది ఆడ," అన్నారు. ఆ రోజు నుంచి నలుగురిలో తమిళంలో, ఎవరూ లేనప్పుడు తెలుగులో మాట్లాడేవారు. నన్ను అమ్మిణీ అని పిలిచేవారు. మా వైపు ఇంట్లో ఆడపిల్లను ముద్దుగా పిలిచే పిలుపు అది. ఆయన నోట విన్నప్పుడల్లా నాకు లోపల కొంచెం వెచ్చగా ఉండేది. ఆ మాట దాచను.

ఏడాది తిరిగేలోపు ఆయన నా చేత ఊక మాన్పించి ఎలుకల్ని పట్టించడం మొదలుపెట్టారు. నా చేతిలో ఎలుకలు పెనుగులాడవు. ఎందుకో నాకూ తెలియదు. విద్యార్థుల్ని కరిచినవి కూడా నా అరచేతిలో మెత్తగా కూర్చునేవి. ఒక సాయంత్రం సార్ బల్ల దగ్గర నిలబెట్టి ఇక్కడ జరిగేదేమిటో చెప్పారు.

"మెదడు అడుగున కొన్ని కణాలు ఉంటాయి అమ్మిణీ. అవి డోపమైన్ అని ఒకటి తయారు చేస్తాయి. చెయ్యి ఎత్తల్ల అనుకుంటే చెయ్యి లేస్తాది గదా, దానికి అది కావల్ల. మనుషుల్లో ఆ చోటు నల్లగా ఉంటాది. పార్కిన్సన్స్ వచ్చినోళ్ళకు ఆ నలుపు వెలిసిపోతాది. ఆ కణాలను మనం ఎలుకలో చంపుతాము. చంపి, ఏ మందు ఇస్తే కొన్నన్నా మిగులుతాయో చూస్తాము."

చంపడానికి రెండు విషాలు ఉండేవి. ఒకటి, ఎలుకకు మత్తిచ్చి, తలను చట్రంలో బిగించి, పుర్రెకు సన్న రంధ్రం చేసి మెదడులో ఒక పక్క మాత్రమే వదిలేది. అది చూడటానికి డోపమైన్ లాగే ఉంటుందట. ఆ కణాలు తమదేననుకుని లోపలికి తీసుకుంటాయి. లోపలికి వెళ్ళాక అది వాటిని కాల్చేస్తుంది. తమదేననుకుని తీసుకోవడం అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. రెండోది రోటెనోన్, ఒక రకం చెట్ల వేళ్ళ నుంచి తీసేది. పురుగుల్ని, చెరువుల్లో చేపల్ని చంపడానికి వాడేవాళ్ళు. దాన్ని నూనెలో కలిపి రోజూ ఎలుకల చర్మం కింద ఎక్కించేవాళ్ళు. కణాల్లో శక్తి పుట్టించే పొయ్యిని అది ఆర్పేస్తుంది. ఒళ్ళంతా పాకుతుంది కాని ముందు చచ్చేవి మాత్రం ఆ కణాలే.

"అవే ఏంటికింగ సార్?"

"అవి తక్కినవాటికన్నా ఎక్కువ కష్టపడతాయి. అందుకే అంటారు. నిజంగా ఎవరికీ పూర్తిగా తెలీదు."

నా పని పరీక్షలు. ఎలుక ముందుకాళ్ళు రెండూ ఒక సన్న కడ్డీ మీద పెట్టి వాచీ నొక్కాలి. మంచి ఎలుక వెంటనే దిగిపోతుంది. విషం పట్టిన ఎలుక దిగదు. పెట్టినది పెట్టినట్టే, ఎవరో కిటికీ అంచున నిలబెట్టి మరిచిపోయిన పిల్లలాగా, నిలబడి ఉంటుంది. కళ్ళు మాత్రం కదులుతుంటాయి. మీసాలు వణుకుతుంటాయి. దిగాలని దానికి ఉంటుంది. మూడు నిమిషాలు దాటితే మనమే దించాలి. ఆ మూడు నిమిషాలు నేను దాని ఎదురుగా కూర్చుని చూడాలి. అన్నేళ్ళలో ఎన్ని ఎలుకల ఎదుట అలా కూర్చున్నానో నాకు తెలియదు.

ఏ పంజరంలో విషం, ఏ పంజరంలో ఉత్త నూనె అన్నది నాకు చెప్పేవాళ్ళు కాదు. తెలిస్తే కన్ను పక్షపాతం చూపిస్తుందని. కాని ఎనిమిదో రోజుకల్లా నాకు తెలిసిపోయేది. ఎత్తినప్పుడు ఒళ్ళు అరచేతిలో ఒదగక చెక్కలాగా ఉండేది. ముఖం కడుక్కోవడం మధ్యలో ఆగిపోయేది. పరిశోధన చేసే అక్క ఒకామె ఉండేది, తేని అనే ఊరి నుంచి వచ్చిన తమిళ పిల్ల. "నీ కన్ను ముందు, మా వాచీ వెనక," అని ఆమె నవ్వేది.

ఆ కన్నే నాకు తర్వాత శాపమైంది.

ప్రతి పంజరానికీ ఒక కార్డు ఉంటుంది. ఎలుక నంబరు, పుట్టిన తేదీ, బరువు. కార్డులు సార్ స్వయంగా రాసేవారు. ఎవరు రాసినా ఆయనకు నచ్చదు. బ్యాచ్ అయిపోయాక పాత కార్డులు కట్టగట్టి పెట్టడం నా పని. ఆయుధపూజకు గది శుభ్రం చేస్తూ రెండేళ్ళ కార్డులు బల్ల మీద పరిచాను. పాతవాటిలో అక్షరాలు బారుగా ఉన్నాయి. కొత్తవాటిలో చీమలంత. పైగా వరస మొదట్లో ఒక మాదిరిగా ఉండి, చివరికి వచ్చేసరికి ఇంకా చిన్నవైపోయి, అంచున నలిగి ఆగిపోయాయి.

ఆ జబ్బు వచ్చినవాళ్ళ రాత ఇలాగే కుదించుకుపోతుందని అక్క ఒకసారి చెప్పింది. తర్వాత రోజు ఆయన వరండాలో నడిచి వెళ్తుంటే వెనక నుంచి చూశాను. ఎడమ చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కుడి చెయ్యి ఊగడం లేదు. ఒంటికి తగిలించిన సంచీలాగా పక్కన ఉంది.

ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు. అక్కకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, ఊక అయిపోయిందనో, సీసా పగిలిందనో చెప్పి ఊరుకున్నాను. నేనేం డాక్టర్నా? ఆయనకే తెలియనిది నాకు తెలుస్తుందా? ఇలా అనుకునేదాన్ని. ఆయన మెట్లు దిగుతుంటే మాత్రం పని ఆపి చూసేదాన్ని. చూడకుండా ఉండలేకపోయేదాన్ని. బస్సులో, చర్చిలో, రేషన్ క్యూలో ఎవరి చెయ్యి ఊగడం లేదో వెతకడం అప్పుడే అలవాటైంది. ఇప్పటికీ పోలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అక్క అన్నానికి వెళ్ళాక సార్ పరీక్షల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"అమ్మిణీ, వాచీ తీసుకో."

"ఏ పంజరముంగ సార్?"

"పంజరం కాదు. నన్ను చూడు."

స్టూలు మీద కూర్చుని, బొటనవేలికి చూపుడువేలు తాకించి తీసి చూపించారు. "ఇట్ల. ఎంత వేగంగా అయితే అంత. పది సెకన్లలో ఎన్నిమార్లు తగిలిందో లెక్కపెట్టు. ముందు ఎడమ చెయ్యి."

ఎడమ చెయ్యి యాభై రెండు. కుడి చెయ్యి ముప్ఫై తొమ్మిది. మొదట వేళ్ళు బాగానే విచ్చుకున్నాయి. పోను పోను విచ్చుకోవడం తగ్గింది. మధ్యలో ఒకసారి, చేస్తున్నది మరిచిపోయినట్టు, ఆగి మళ్ళీ మొదలయ్యాయి.

చెప్పాను. ఆయన తల ఊపారు.

"నీకు ముందే తెలుసు గదా?"

నేను వాచీని మళ్ళీ సున్నాకు తెచ్చాను.

"ఎప్పట్నించి?"

"ఆయుధపూజ అప్పట్నించింగ సార్."

"కార్డులా, నడకా?"

"రెండూంగ."

"నాకు చెప్పల్ల అనిపించలేదా?"

"నేనెట్ల చెప్పేదింగ సార్."

"అదీ సరే," అన్నారు.

డాక్టరు దగ్గరకు వెళ్ళమన్నాను. అంత మాట ఆయనతో అనడం అదే మొదలు. ఆయన వెళ్ళనన్నారు, ఇప్పుడే కాదన్నారు. "పోతే పేరు పెట్టేస్తారు. పేరు పెట్టినంక నా చేతికి ఎవరూ ఎలుకను ఇయ్యరు. ఆ పిల్ల థీసిస్‌కు ఇంగ ఒక బ్యాచ్ ఆపరేషన్లు ఉండాయి. ఈ కాలేజీలో అవి చేసేది నేనొక్కడినే. అది కానీ. నువ్వు శుక్రవారం శుక్రవారం లెక్క రాయి. ఎవరికీ చెప్పొద్దు."

సరేనన్నాను. మేత లెక్కల పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. ముప్ఫై తొమ్మిది. ముప్ఫై ఏడు. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై నాలుగు. తలుపు దగ్గరగా వేసి, స్టూలు మీద ఆయన, ఎదురుగా నేను. చుట్టూ అరల్లో ఎలుకలు ఊక గీకుతున్న చప్పుడు. నేను ఎవరి ఎదుట కూర్చున్నానో అన్న తికమక ఒక్కోసారి వచ్చేది. ఆయన వేళ్ళు ఆగినప్పుడు నా చెయ్యి తనంతట తనే ముందుకు వెళ్ళేది, దించడానికి వెళ్ళినట్టు. వెనక్కి తీసుకునేదాన్ని.

ఒక శుక్రవారం అడిగాను. "ఇది ఈ మందుల వల్లనేనాంగ సార్?"

"చెప్పలేం. చిన్నప్పుడు తోటలో పురుగుల మందు కొడతా ఉంటే పక్కనే ఆడుకుంటిమి. ఈడ ఇరవై ఏండ్లుగా ఈ సీసాలు పట్టుకుంటిని. ఇవేవీ లేనోళ్ళకు కూడా వస్తాది. ఎలుకకు ఏ రోజు ఏమిచ్చినామో నా రిజిస్టరులో ఉంటాది. మనిషికి అట్లాంటి రిజిస్టరు ఏది?"

"నాకు వస్తాదాంగ?"

"గ్లవ్స్ లేకుండా సిరంజిలు కడిగినావా?"

"మొదట్లో. రెండేండ్లు."

ఆ రెండేళ్ళూ ఆయన ఆ గదిలోనే ఉన్నారు. నేను చేతులతో నూనె మరకలు కడగడం చూశారు. అది ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చిందనుకుంటాను.

"తెలీదు అమ్మిణీ," అన్నారు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆఖరి బ్యాచ్ ఆపరేషన్లు మొదలయ్యాయి. నేను ఎలుకకు మత్తు సరిగా ఉందా లేదా చూస్తూ పక్కన నిలబడేదాన్ని. మొదటి మూడు రోజులు బాగానే జరిగింది. చట్రమే సూదిని పట్టుకుంటుంది కాబట్టి చేతికి పెద్ద పని లేదు. రంధ్రం చేసే డ్రిల్లు మాత్రం చేత్తో పట్టాలి. నాలుగో రోజు అది జారింది. చిన్న జారుడే. కాని పుర్రె కింద రక్తనాళం తెగింది. దూది అద్దినకొద్దీ ఎర్రగా ఊరుతూనే ఉంది. సార్ డ్రిల్లు పక్కన పెట్టి, కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అక్క భయపడి, "పరవాలే సార్, ఒణ్ణు దానే," అంది తమిళంలో, ఒక్కటే కదా అని. మత్తులో ఉండగానే దానికి ప్రాణం పోయే మందు ఎక్కించాం. దాన్ని పసుపుపచ్చ సంచీలో వేసి ఫ్రీజరులో పెట్టింది నేనే. ఇంకా వెచ్చగా ఉంది. నేను ఎవరికైనా చెప్పి ఉంటే ఆ డ్రిల్లు ఆ చేతిలో ఉండేది కాదు. అప్పటిదాకా వందల ఎలుకల్ని ఆ సంచీల్లో వేశాను. కలలోకి వచ్చేది ఆ ఒక్కటే.

ఆ మర్నాడు శుక్రవారం. సార్ వచ్చి కూర్చున్నారు. కుడి చెయ్యి మొదలుపెట్టారు. నేను లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది.

పుస్తకంలో ముప్ఫై ఆరు అని రాశాను.

"ఎంత?"

"ముప్ఫై ఆరుంగ సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. "నేనూ లోపల లెక్కపెట్టుకుంటిని. ఇరవై తొమ్మిది. ఇన్నేండ్లలో నువ్వు ఎన్నడన్నా ఎలుకకు అబద్ధం రాస్తివా?"

"లేదుంగ."

"మరి నాకేంటికి రాస్తివి?"

నోటికొచ్చింది అనేశాను. "ఎలుకలు చదవవు గదంగ సార్."

ఆయన పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఆ అంకె కొట్టేసి పక్కన ఇరవై తొమ్మిది అని తనే రాశారు. ఆ అంకె ఎంత చిన్నదంటే, రాసింది ఆయన కాబట్టి నాకు తెలిసింది కాని వేరేవాళ్ళు చుక్కలనుకుంటారు. దాన్ని ఆయన చాలాసేపు చూశారు. "నీతో కూడా అబద్ధం ఆడించే దాకా వచ్చింది," అన్నారు. సోమవారం ఆసుపత్రికి వెళ్ళారు.

పేరు పెట్టారు. మాత్రలు ఇచ్చారు. రెండు నెలల్లో చెయ్యి బాగా వదులైంది. నడకలో మళ్ళీ ఊగింది. మిగిలిన ఆపరేషన్లకు వేరే కాలేజీ నుంచి ఒకాయన్ను పిలిపించారు. అక్కకు మాత్రం విషయమంతా తెలిశాక నా మీద కోపం వచ్చింది. "నువ్వు ముందే చెప్పాల్సింది," అని వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె అన్నది నిజమే.

ఎలుకల మెదళ్ళు పల్చటి పొరలుగా కోసి, రంగు వేసిన రోజు అక్కే నన్ను మైక్రోస్కోపు దగ్గరకు పిలిచింది. ఒక పక్క కణాలు ముదురు గోధుమ రంగులో, రెక్క విప్పినట్టు ఉన్నాయి. రెండో పక్క అదే చోట ఏమీ లేదు. అక్కడక్కడ రెండు మూడు చుక్కలు, తోకలు తెగినవి. నా తర్వాత సార్ వంగి చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక నాతో తెలుగులో, "చెయ్యి మొరాయించే నాటికే సగానికి పైన పోయుంటాయి," అన్నారు. ఎవరికి అని నేను అడగలేదు.

అక్క థీసిస్ అయిపోయింది. సార్ మరో రెండేళ్ళు పనిచేసి, మాత్రల పని తగ్గుతూ వచ్చాక, ముందుగానే రిటైర్ అయ్యారు. నేను కడ్డీ పరీక్ష చెయ్యలేనని చెప్పి, పిల్లల్ని పెట్టే ఎలుకల గదికి మార్పించుకున్నాను. అక్కడ కనడం, పాలు తాగడం తప్ప మరేమీ ఉండదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక కినత్తుకడవు బస్సెక్కాను. సార్ చూడాలంటున్నారని వాళ్ళింటి అమ్మగారు, సార్ భార్య, ఫోన్ చేశారు. కొబ్బరితోట మధ్యలో ఇల్లు. వరండాలో ఆయన కుర్చీలో ఉన్నారు. లేవడానికి మూడుసార్లు ప్రయత్నించి లేచారు. కూర్చోమన్నారు. అమ్మగారు కాఫీ తెచ్చారు. ఆయనకు మూత, గొట్టం ఉన్న గ్లాసు. ఆమెకు స్టీలు గ్లాసు. నాకు కాగితం కప్పు. తెరిచి ఉన్న తలుపులోంచి లోపల అరలో వరసగా స్టీలు గ్లాసులు కనిపిస్తున్నాయి.

సార్ ఆ కప్పు వైపు చూశారు. నేను ఆయన ముఖం వైపు చూశాను. నా లెక్కలో ఏడు తేడా పడితే కనిపెట్టిన మనిషి. అమ్మిణీ అని పిలిచిన మనిషి. ఆయన ముఖంలో ఏమీ లేదు. ఆ జబ్బు ముఖం కండరాలను కూడా బిగించేస్తుంది. నవ్వు రాదు, నొచ్చుకున్నా తెలియదు. ఆయన సిగ్గుపడ్డారో, అసలు గమనించలేదో, గమనించినా అది మామూలేననుకున్నారో, కనిపెట్టడానికి నా కంటికి ఏ ఆధారమూ దొరకలేదు. కాఫీ తాగాను. బాగుంది. ఎలుకల గురించి అడిగితే చెప్పాను. వచ్చేటప్పుడు అమ్మగారు సంచీ నిండా కొబ్బరికాయలు పెట్టించారు.

ఆ తర్వాత నేను వెళ్ళలేదు. ఆయనే అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. అమ్మగారు కలిపి చేతికిస్తారు. గొంతు బాగా తగ్గిపోయింది. మొదట్లో సగం మాటలు తెలిసేవి. ఇప్పుడు ఊపిరి చప్పుడు, దాని వెనక ఎక్కడో మాట. ఫోన్ చెవికి అదిమిపెట్టి, రెండో చెవి మూసుకుని వింటాను. ఏదో అడుగుతున్నట్టుంటుంది. చివర్న ఆగుతారు, జవాబు కోసం. మళ్ళీ చెప్పమని అడగడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు.

మొన్న కూడా అలాగే ఆగారు. "సరింగ సార్," అన్నాను. అవతల ఊపిరి తేలికపడింది. అమ్మగారు ఫోన్ తీసుకుని, "ఏం చెప్పినావమ్మా, ఇంత సంతోషంగా ఉండారు?" అని అడిగారు. ఆయన నన్ను ఏం అడిగారో, నేను దేనికి ఒప్పుకున్నానో నాకు తెలియదు.